అక్షరశిల్పి ఫిర్మిన్ దిదో

గ్రంథానికి సౌందర్యం ఎంత అవసరమో, అది పదిమందికీ అందడం అంతకంటె అవసరం. ఈ రెండింటికీ పాటుపడిన ముద్రణకళాకారుడు ఫిర్మిన్ దిదో.

ఆయన 1764లో పారిస్ నగరంలో జన్మించాడు. తండ్రి ఫ్రాన్స్వా అంబ్రాజ్ పేరెన్నికగన్న ముద్రాపకుడు. ఉక్కుకడ్డీ మొనపై అక్షరాలను చెక్కే విద్యలో ఫిర్మిన్ యౌవనంలోనే ఆరితేరాడు. నిలువుగీతలు దళసరిగా, అడ్డగీతలు వెంట్రుకవలె సన్నగా ఉండే ఆయన అక్షరాలు ఐరోపా అంతటా ప్రసిద్ధికెక్కాయి. 1789లో తండ్రి విశ్రాంతి తీసుకోగా ముద్రణాలయం అన్న పియేర్‌కు, అక్షరాల పోతశాల ఫిర్మిన్‌కు సంక్రమించాయి.

ఫ్రెంచి విప్లవానంతరం ప్రభుత్వం పియేర్ ముద్రణాలయానికి లూవ్ర్ రాజభవనంలో చోటు కల్పించింది. అక్కడ 1801 నుండి 1805 వరకు, పదిహేడవ శతాబ్దపు మహానాటకకర్త రసీన్ రచనలు మూడు బృహత్సంపుటాలుగా వెలువడ్డాయి. అక్షరాలు ఫిర్మిన్‌వి. చిత్రాలు దావీద్ శిష్యులైన జిరొదే, జెరార్ మొదలైనవారివి. వాటిని రాగిరేకులపై చెక్కి అచ్చొత్తారు. 1806 నాటి పారిస్ ప్రదర్శనలో న్యాయనిర్ణేతలు అచ్చుపనిలో ఈ గ్రంథానికి సాటిలేదని తీర్మానించారు. అయితే అచ్చయినవి 250 ప్రతులే. సామాన్య పాఠకునికి అది అందని మానిపండు.

ఆ కొరతను తీర్చే సాధనం అప్పటికే ఫిర్మిన్ చేతిలో ఉంది. ఆ రోజులలో పుస్తకం అచ్చు ముగిశాక అక్షరాలను విడదీసి వేరొక పుస్తకానికి వాడేవారు. పునర్ముద్రణకు మళ్ళీ మొదటినుండి పేర్చవలసివచ్చేది. అందువల్ల ఖర్చు పెరిగేది. మన తాళపత్రాలను తిరగరాసిన లేఖకుల చేతిలో జరిగినట్లే కొత్త తప్పులూ చేరేవి. పేర్చిన పుటనంతటినీ ఒకే లోహఫలకంగా పోతపోసే పద్ధతిని ఫిర్మిన్ మెరుగుపరచి, దానికి స్టీరియోటైపు అని పేరు పెట్టాడు. 1795లో సంవర్గమాన పట్టికల ముద్రణతో ఈ కృషి ఆరంభమైంది. ఒకసారి దిద్దిన తప్పు మళ్ళీ తలెత్తదు. ఫలకాలను భద్రపరచుకొని కావలసినప్పుడల్లా ప్రతులు తీయవచ్చు. ఈ పద్ధతిలో రసీన్ నాటకాలు చేతిలో ఇమిడే చిన్న సంపుటాలుగా తక్కువ వెలకు లభించాయి.

ఫిర్మిన్ స్వయంగా విషాదాంత నాటకాలు రచించాడు. వర్జిల్ గోపకావ్యాలను ఫ్రెంచిలోకి అనువదించాడు. 1827లో శాసనసభకు ఎన్నికయ్యాడు. 1836లో కన్నుమూశాడు. ధనికుని గ్రంథాలయంలో వెలిగిన రసీన్‌ను పేద విద్యార్థి చేతికి కూడా చేర్చడం దిదో సోదరుల ఘనత.