సాధు సుందర్ సింగ్

సాధు సుందర్ సింగ్ (జననం: సెప్టెంబరు 3, 1889 - 1929లో అదృశ్యము) భారతదేశానికి చెందిన ప్రసిద్ధ క్రైస్తవ సాధువు, బోధకుడు, రచయిత. పంజాబులోని సంపన్న సిక్కు కుటుంబంలో జన్మించిన ఇతడు పదిహేనేళ్ల ప్రాయంలో క్రీస్తును విశ్వసించి, ఆస్తిని, ఇంటిని వదలుకొని, కాషాయ వస్త్రము ధరించి దేశమంతటా కాలినడకన సంచరించాడు. భారతీయ సన్యాస సంప్రదాయాన్ని క్రైస్తవ విశ్వాసముతో జోడించిన వారిలో ఇతడు ముఖ్యుడు. చెప్పులు లేకుండా కొండదారులలో నడచి నడచి ఇతని కాళ్లు చిట్లి రక్తం కారేవి. అందువలన కొందరు ఇతనిని రక్తసిక్త పాదాల అపొస్తలుడని పిలిచేవారు.

జననం, బాల్యము

సుందర్ సింగ్ పంజాబులోని లూధియానా సమీపాన గల రాంపూర్ గ్రామంలో జన్మించాడు. తండ్రి షేర్ సింగ్ ఆ ప్రాంతంలో పేరున్న భూస్వామి. తల్లి మిక్కిలి భక్తురాలు. సిక్కు మత గ్రంథాలతో పాటు హిందూ గ్రంథాలను కూడా ఆమె ఆదరించేది. చిన్నవాడైన సుందర్‌ను వెంటబెట్టుకొని సాధువుల వద్దకు వెళ్లి, వారి మాటలు వినిపించేది. కుమారుడు లోకపు సుఖాల వెంట పరుగెత్తక సాధువు కావలెనని ఆమె కోరిక. ఏడేళ్ల వయసుకే ఇతడు భగవద్గీతను కంఠస్థం చేశాడని జీవితచరిత్రకారులు వ్రాశారు. సన్యాస జీవితంపై గౌరవము తనలో నాటినది తల్లియేనని సుందర్ సింగ్ పలు సందర్భాలలో చెప్పుకున్నాడు.

గ్రామంలోని క్రైస్తవ మిషను పాఠశాలలో చదువుతున్నప్పుడు ఇతనికి బైబిలుతో పరిచయం కలిగింది. అయితే అది పరాయి మత గ్రంథమన్న భావన అప్పట్లో ఇతనిలో బలంగా ఉండేది. పద్నాలుగేళ్ల వయసులో తల్లి మరణించడంతో ఇతడు తీవ్రమైన వేదనకు లోనయ్యాడు. ఆ దుఃఖమే క్రైస్తవ బోధకులపై కోపముగా మారింది. ఒకనాడు బైబిలు భాగాన్ని చించి బహిరంగంగా తగులబెట్టాడు.

విశ్వాసంలో మార్పు

గ్రంథాన్ని కాల్చిన తరువాత కూడా ఇతనికి మనశ్శాంతి దొరకలేదు. దేవుడున్నచో తనకు కనబడవలెనని, లేనియెడల తెల్లవారుజామున లూధియానా వెళ్లే రైలు క్రింద పడి ప్రాణము తీసుకోవలెనని నిశ్చయించుకొని రాత్రి ప్రార్థనలో కూర్చున్నాడు. 1904 డిసెంబరు 18 వేకువజామున గదిలో గొప్ప వెలుగు కనిపించిందని, అందులో తాను ఎదురుచూడని యేసుక్రీస్తు దర్శనమిచ్చాడని తరువాతి కాలంలో వివరించాడు. వెంటనే తండ్రిని నిద్రలేపి తాను క్రైస్తవుడనైనానని చెప్పాడు. మూడు రోజుల క్రితమే బైబిలును కాల్చిన కుర్రవాని మాటను తండ్రి పట్టించుకోలేదు.

ఆస్తిని త్యజించుట

కుమారుడు మాట మార్చుకోడని గ్రహించిన తరువాత కుటుంబము బుజ్జగింపులకు దిగింది. సంపన్నుడైన పినతండ్రి ఇతనిని తన ఇంటికి తీసుకువెళ్లి, నేలమాళిగలో దాచిన ధనాన్ని, నగలను చూపి, క్రైస్తవ మతాన్ని విడిచిపెట్టినచో అదంతా నీదేనని ఆశ చూపాడట. అంతటితో ఆగక తన తలపాగా తీసి బాలుని పాదాల వద్ద పెట్టాడు. పంజాబులో తలపాగా వంశ గౌరవానికి గుర్తు. దానిని చిన్నవాని కాళ్ల వద్ద పెట్టడం కంటే పెద్ద వేడుకోలు లేదు. ధనము కంటే పినతండ్రి చూపిన ప్రేమే తన మనసును ఎక్కువగా కలచివేసిందని సుందర్ సింగ్ చెప్పేవాడు. అయినను అతడు వెనుదిరగలేదు.

తరువాత ఇతడు సిక్కు మత చిహ్నమైన పొడవాటి జుట్టును కత్తిరించుకున్నాడు. దీనితో కుటుంబానికి తీరని అవమానం కలిగినట్లయింది. తండ్రి ఇతనిని ఇంటినుండి వెళ్లగొట్టాడు. ఆ రాత్రి చలిలో చెట్టు క్రింద గడిపాడు. ఇల్లు విడిచే ముందు తిన్న భోజనంలో విషం కలిపారని, రోపడ్ పట్టణంలోని క్రైస్తవ కుటుంబము తనను ఆదుకున్నదని ఇతడు చెప్పాడు.

తన పదహారవ జన్మదినమైన 1905 సెప్టెంబరు 3న సిమ్లాలో బాప్తిస్మము పొందాడు.

సాధు జీవితము

బాప్తిస్మము పొందిన కొద్ది వారాలకే, 1905 అక్టోబరులో, ఇతడు కాషాయ వస్త్రము ధరించి సాధువుగా బయలుదేరాడు. చేతిలో క్రొత్త నిబంధన, భుజాన ఒక కంబళి తప్ప వేరే సొత్తు లేదు. ఎవరినీ డబ్బు అడిగేవాడు కాదు. ఎవరైనా పిలిచి అన్నం పెడితే తినేవాడు, లేనినాడు పస్తు ఉండేవాడు. క్రైస్తవ మతమంటే దొరల మతమని, దొరల దుస్తులని జనులు భావించే కాలమది. కాషాయము ధరించిన యువకుడు వీధిలో నిలబడి క్రీస్తును గూర్చి చెప్పడం వారికి వింతగా తోచింది. సాధువని ఆదరించి లోపలికి పిలిచినవారే, క్రైస్తవుడని తెలియగానే బయటకు పంపిన సందర్భాలు అనేకం. మొదటగా తాను వెళ్లగొట్టబడిన రాంపూర్ గ్రామానికే వెళ్లి బోధించాడు.

సిమ్లా కొండలలోని కోట్‌గఢ్, సబాథు ఇతనికి ముఖ్య స్థావరాలు. ఈ కాలంలోనే అమెరికా దేశస్థుడైన శామ్యూల్ ఇవాన్స్ స్టోక్స్‌తో స్నేహం ఏర్పడింది. ధనిక కుటుంబంలో పుట్టిన స్టోక్స్ కూడా అస్సీసీ ఫ్రాన్సిస్ ఆదర్శంతో నిరాడంబర జీవితాన్ని చేపట్టినవాడు. ఇరువురూ కలిసి కాంగ్రా లోయలో సంచరించారు. సబాథులోని కుష్ఠు వ్యాధిగ్రస్తుల ఆశ్రమంలో సేవ చేశారు. స్టోక్స్ తరువాత స్వాతంత్ర్యోద్యమంలో జైలుకు వెళ్లాడు. హిందూ మతము స్వీకరించి సత్యానంద స్టోక్స్‌గా పేరుపొందాడు. సిమ్లా కొండలలో ఆపిల్ తోటల పెంపకాన్ని వ్యాప్తి చేసినవారిలో ఇతడు ముఖ్యుడు.

లాహోరు వేదాంత కళాశాల

పెద్దల సలహా మేరకు 1909లో సుందర్ సింగ్ లాహోరులోని సెయింట్ జాన్స్ వేదాంత కళాశాలలో చేరాడు. తరగతి గది చదువు ఇతనికి సరిపడలేదు. కొద్ది నెలలకే కళాశాలను విడిచిపెట్టాడు. ఆంగ్లికన్ సంఘము ఇతనికి బోధకునిగా అనుమతి పత్రాన్ని ఇచ్చింది. అయితే సంఘ గురువు కాదలచినచో కాషాయాన్ని వదలి పాశ్చాత్య దుస్తులు ధరించవలెనని, అనుమతి లేనిదే ఇతర సంఘాలలో బోధింపరాదని తెలియడంతో ఆ పత్రాన్ని తిరిగి ఇచ్చివేశాడు. దీనితో స్థిరమైన ఉద్యోగము, హోదా కూడా వదలుకున్నట్లయింది. ఆ తరువాత ఏ సంఘానికీ ఉద్యోగి కాలేదు. క్రొత్త సంఘాన్ని కూడా స్థాపించలేదు. తన బోధ విని నమ్మినవారికి తానే బాప్తిస్మము ఇచ్చేవాడు కాదు, స్థానిక సంఘాల వద్దకు పంపేవాడు.

టిబెట్ యాత్రలు

1908లో మొదటిసారి టిబెట్ సరిహద్దు ప్రాంతాలకు వెళ్లాడు. సరిహద్దు గ్రామమైన పూలో ఉన్న మొరేవియన్ మిషనరీలు ఇతనికి సహాయపడ్డారు. అప్పటి నుండి మంచు కరిగే వేసవి కాలాలలో హిమాలయాలను దాటే ప్రయత్నం చేసేవాడు. ఈ యాత్రలలో తనను ఎండిన బావిలో పడవేశారని, 1914లో నేపాలులోని ఇలాంలో బంధించి జలగలతో హింసించారని ఇతడు చెప్పిన అనుభవాలు ప్రసిద్ధి పొందాయి.

మంచు తుఫానులో జరిగినట్టు ఇతడు చెప్పిన ఒక సంఘటన నేటికీ ప్రసంగాలలో వినబడుతుంది. దారిలో స్పృహ తప్పి పడివున్న మనిషిని చూచి తోటి ప్రయాణికుడు తన ప్రాణము దక్కించుకొనుటకు ముందుకు సాగిపోయాడు. సుందర్ సింగ్ ఆ మనిషిని వీపున మోసుకొని నడిచాడు. ఇద్దరి ఒంటి వేడిమి కలియుటచే ఇద్దరూ బ్రతికారు. ముందు వెళ్లినవాడు మాత్రం దారిలో గడ్డకట్టి చనిపోయి కనిపించాడు.

విదేశీ పర్యటనలు

1918లో దక్షిణ భారతదేశంలోను, సింహళంలోను (నేటి శ్రీలంక) బోధించాడు. వేలాది మంది ఇతనిని చూడవచ్చారు. తరువాత బర్మా, మలయా, చైనా, జపాను దేశాలలో పర్యటించాడు. ఇంతలో తండ్రి షేర్ సింగ్ మనసు మారి, ఆయన కూడా క్రీస్తును విశ్వసించాడు. ఒకప్పుడు కొడుకును ఇంటినుండి వెళ్లగొట్టిన ఆ తండ్రే ఇంగ్లాండు ప్రయాణ ఖర్చులను భరించాడు.

1920లో ఇంగ్లాండు, అమెరికా, ఆస్ట్రేలియా దేశాలలోను, 1922లో పాలస్తీనా, స్విట్జర్లాండ్, జర్మనీ, స్వీడన్ మొదలగు దేశాలలోను ప్రసంగించాడు. స్వీడన్‌లో ఆర్చిబిషప్ నాథన్ సోడర్‌బ్లోమ్ ఇతనిని ఆదరించాడు. పాశ్చాత్య దేశాలలో సంపద పెరిగిందే కాని ప్రార్థన తగ్గిందని ఇతడు నిర్మొహమాటంగా విమర్శించాడు. పొగడ్తలు తనకు అపాయకరమని భావించి, 1922 తరువాత మరల ఆ దేశాలకు వెళ్లలేదు.

బోధనా విధానము, రచనలు

ఇతడు చిన్న చిన్న ఉపమానాలతో బోధించేవాడు. నది, రాయి, పక్షి, బావి వంటివి ఇతని దృష్టాంతాలు. దాహంతో ఉన్న ఉన్నత కులస్థుడు పరాయి పాత్రలోని నీటిని త్రాగక, తన పాత్రలో పోస్తే త్రాగినట్లు, క్రీస్తు సందేశాన్ని భారతీయులకు భారతీయ పద్ధతిలోనే అందించవలెనని ఇతని అభిప్రాయము. 1922లో ఉర్దూలో వ్రాసిన తొలి గ్రంథము, గురువు పాదాల చెంత అను అర్థమిచ్చే పేరుతో ఆంగ్లంలోకి అనువదింపబడింది. ధ్యానము, ప్రార్థన, ఆత్మీయ దర్శనాలను గూర్చి మరికొన్ని చిన్న పుస్తకాలు వ్రాశాడు. ఇవి అనేక భాషలలోకి అనువదింపబడ్డాయి.

వివాదాలు

కీర్తితో పాటు విమర్శ కూడా వచ్చింది. ఇతడు చెప్పిన టిబెట్ అనుభవాలకు సాక్ష్యాధారాలు లేవని జెసూట్ గురువు హోస్టెన్, స్విస్ మనోవిశ్లేషకుడు ఆస్కార్ ఫిస్టర్ ఆక్షేపించారు. హిమాలయాలలో శతాబ్దాల వయసు గల మహర్షిని కలిశానన్న మాట, నలభై దినాల ఉపవాస ప్రయత్నము కూడా ప్రశ్నింపబడ్డాయి. జర్మను పండితుడు ఫ్రెడరిక్ హైలర్ ఇతని పక్షాన వాదించాడు. కొన్ని సంఘటనల వాస్తవికతపై నేటికీ ఏకాభిప్రాయము లేదు. అయితే ఇతని నిరాడంబర జీవితాన్ని స్వయంగా చూచిన సి.ఎఫ్.ఆండ్రూస్ వంటివారు ఇతని నిజాయితీని గట్టిగా సమర్థించారు.

చివరి యాత్ర

1923 తరువాత ఆరోగ్యము క్షీణించింది. సబాథులోని ఒక పాత ఇంటిలో ఉంటూ రచనలో, ప్రార్థనలో కాలం గడిపాడు. 1927లో టిబెట్‌కు బయలుదేరి జబ్బుపడి వెనుదిరిగాడు. మిత్రులు వారించినను 1929 ఏప్రిల్‌లో మరల బయలుదేరాడు. ఆ తరువాత ఇతని జాడ తెలియలేదు. వెదకుటకు వెళ్లినవారికి ఏ ఆధారమూ దొరకలేదు. అప్పటికి ఇతని వయసు 39 సంవత్సరాలు. ఇతనికి సమాధి లేదు.

ప్రభావము

ఇంగ్లాండు సంఘము తన కేలెండరులో జూన్ 19వ తేదీని ఇతని జ్ఞాపకార్థము కేటాయించింది. తమిళ వేదాంతి ఎ.జె.అప్పాసామి ఇతని జీవితచరిత్రను వ్రాశాడు. తెలుగు క్రైస్తవులకు కూడా ఇతని పేరు చిరపరిచితము. మత స్థాపకుడుగా గాని, సంఘ నాయకుడుగా గాని కాక, నేలమాళిగలోని సంపదను, సంఘమిచ్చే హోదాను, విదేశాలలో లభించిన కీర్తిని ఒకదాని తరువాత ఒకటిగా విడిచి నడచిన సాధువుగా సుందర్ సింగ్ గుర్తింపబడుతున్నాడు.