పటం పోయిన దీవి

రాబర్ట్ లూయీ స్టీవెన్సన్ అనగానే చాలామందికి ట్రెజర్ ఐలాండ్ గుర్తుకొస్తుంది. నండూరి రామమోహనరావుగారు దాన్ని కాంచనద్వీపం అనే పేరుతో తెలుగులోకి తెచ్చారు. ఒంటికాలి జాన్ సిల్వర్, భుజం మీద చిలుక, పాతిపెట్టిన నిధి తెలియని వాళ్ళు అరుదు. కాని నేను ఈ సంచికకు ఆయన్ను ఎంచుకోవటానికి కారణం వేరు.

మా హాస్టల్లో ఆరుగురం కలిసి ఒక ఆట ఆడతాం. 1974లో అమెరికాలో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు వెలువరించిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ తరహా ఆట అది. బల్ల చుట్టూ కూర్చుంటాం. ఒకడు ఒక లోకాన్ని కల్పించి చెప్తాడు. మిగతావాళ్ళు అందులో యోధులుగా, మాంత్రికులుగా, దొంగలుగా తిరుగుతారు. సందేహం వచ్చిన చోట పాచికలు తేలుస్తాయి. ఆ కల్పించి చెప్పే పని నాది. ఈ పనిలో అసలు కష్టం ఏమిటంటే, ఏదైనా జరగొచ్చు అని వదిలేస్తే ఆట అరగంటలో చప్పబడిపోతుంది. మంత్రానికి ఖరీదంటూ లేకపోతే మాంత్రికుడు తప్ప మిగిలిన వాళ్ళు గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవాలి. నిన్న రెండు రోజులు పట్టిన అడవి ఇవాళ ఒక్క పూటలో దాటామంటే ఇక ఆ అడవిని ఎవడూ నమ్మడు. ఊహకు హద్దులేమిటయ్యా అనేవాళ్ళు మన కాలేజీలో చాలామందే ఉన్నారు. నేను ఒప్పుకోను. స్టీవెన్సన్ సంగతి తెలిస్తే మీరూ ఒప్పుకోరనుకుంటాను.

ఆయన 1850 నవంబరు 13న స్కాట్లండు రాజధాని ఎడింబరోలో పుట్టాడు. తల్లిదండ్రులకు ఒక్కడే సంతానం. వాళ్ళది దీపస్తంభాల వంశం. తాత రాబర్ట్, అలలు వస్తే మునిగిపోయే బెల్ రాక్ అనే బండ మీద దీపస్తంభం కట్టించిన ఇంజనీరు. తండ్రి థామస్ అల ఎంత బలంగా తాకుతుందో కొలిచే సాధనం తయారుచేశాడు. వాతావరణ కేంద్రాల్లో థర్మామీటర్లు పెట్టే తెల్లటి చెక్కపెట్టె, అదే మన స్టీవెన్సన్ స్క్రీన్, ఆయన రూపొందించినదే. ఇంత కొలతల కుటుంబంలో పుట్టిన పిల్లవాడికి ఊపిరితిత్తులు బలహీనం. బాల్యంలో సగం మంచం మీదే గడిచింది. దుప్పటి మడతలే కొండలు, లోయలు. వాటి మీద సీసపు సిపాయిలను నడిపించుకునేవాడు.

1867లో ఇంజనీరింగు చదవటానికి ఎడింబరో విశ్వవిద్యాలయంలో చేరాడు. క్లాసులకు వెళ్ళింది తక్కువ. అయినా 1871లో ఆగి ఆగి వెలిగే కొత్తరకం దీపస్తంభపు వెలుతురు మీద ఒక పత్రం చదివి వెండి పతకం పొందాడు. చిత్రమేమిటంటే, ఆ సంవత్సరమే ఈ వృత్తి నాకొద్దు, రచన చేస్తాను అని తండ్రికి చెప్పేశాడు. లా చదవాలనే షరతు మీద రాజీ కుదిరింది. 1875లో లాయరు అయ్యాడు గాని ప్రాక్టీసు లేదు. తరాల వృత్తి ఒక్కగానొక్క కొడుకుతో ఆగిపోతుంటే ఆ తండ్రి ఎంత నలిగి ఉంటాడో నేను ఊహించగలను. పొలం రేపు చూసేదెవరు అనే మాట మా ఇంట్లోనూ భోజనాల దగ్గర వినపడుతూనే ఉంటుంది.

ఫ్రాన్సులో ఫానీ ఆస్బోర్న్ అనే అమెరికన్ స్త్రీని కలవటం, ఆమె కోసం 1879లో చావుకు తెగించి కాలిఫోర్నియా దాకా పోవటం, మరుసటి ఏడు పెళ్ళి చేసుకోవటం పెద్ద కథ. దాన్ని వదిలేస్తున్నాను. మనకు కావలసింది ఆమెతోపాటు వచ్చిన కొడుకు లాయిడ్.

1881 వేసవిలో వాళ్ళంతా బ్రేమార్ అనే కొండ ఊళ్ళో ఉన్నారు. తెరిపి లేని వాన. కాలక్షేపానికి కుర్రవాడితో కలిసి ఒక దీవి పటం గీశారు. గీసింది తానే అని స్టీవెన్సన్ రాశాడు, మొదలుపెట్టింది నేనని లాయిడ్ తర్వాత చెప్పాడు. ఎవరు గీస్తేనేం, పటం ముందు పుట్టింది, కథ దాని వెనక పుట్టింది. రేవులు, కొండలు, కోట, నిధి గుర్తు అన్నీ కాగితం మీద కనపడ్డాక ఆ చెట్ల మధ్య మనుషులు తిరగటం మొదలుపెట్టారు. రోజుకొక అధ్యాయం రాసి ఇంట్లో వాళ్ళకు చదివి వినిపించేవాడు. వినేవాళ్ళలో తండ్రి థామస్ కూడా ఉన్నాడు. బిల్లీ బోన్స్ అనే ముసలి నావికుడి పెట్టెలో ఏమేం ఉండాలో ఆయన దాదాపు ఒక రోజంతా కూర్చుని ఒక కవరు వెనక జాబితా రాసిచ్చాడు. కొడుకు అక్షరం పొల్లుపోకుండా దాన్ని పుస్తకంలో వాడుకున్నాడు. దొంగల ఓడకు వాల్రస్ అనే పేరు పెట్టమన్నదీ ఆయనే.

పదిహేను అధ్యాయాల తర్వాత కథ ఆగిపోయింది. ఆరోగ్యం కోసం స్విట్జర్లండులోని డావోస్‌కు వెళ్ళి ఆ చలికాలంలో పూర్తి చేశాడు. ఆట సంగతి ఇక్కడే వస్తుంది. డావోస్‌లో అద్దె ఇంటి అటక మీద, నిలబడితే తల తగిలే చోట, సవతి తండ్రీ కొడుకులిద్దరూ కొవ్వొత్తి వెలుతురులో నేలంతా రంగు సుద్దలతో దేశపటం గీసి సీసపు సిపాయిలతో యుద్ధాలు ఆడేవాళ్ళు. నియమాలు చూడండి: వాతావరణం చెడితే రోడ్లు చెడతాయి, నడక మందగిస్తుంది. ఫిరంగులు కాల్బలం కన్న నెమ్మదిగా కదులుతాయి, వాటి పోషణ ఖర్చూ ఎక్కువే. వంతెన కూలగొట్టొచ్చు, మళ్ళీ కట్టుకోవాలి. సైన్యానికి తిండి వెనకనుంచి అందాల్సిందే. లాయిడ్ చెప్పగా ఈ వివరాలన్నీ 1898లో ఒక అమెరికన్ పత్రికలో అచ్చయ్యాయి. నల్లరేగడి బాటలో వానకు దిగబడిన ట్రాక్టరును తోసినవాడికి ఈ నియమాల విలువ వేరే చెప్పక్కర్లేదు.

1974లో వచ్చిన ఆటలోనూ కొండకు ఒక నడక, అడవికి ఒక నడక. స్టీవెన్సన్ అటకకూ దానికీ నేరుగా చుట్టరికం ఉందని నేను అనటం లేదు. అవసరం ఒకటే, అంతే. వాన, బురద, తిండి ఏవీ అడ్డం రాని చోట వెతకటం అనేదే ఉండదు. బయల్దేరగానే చేరిపోతాం.

ట్రెజర్ ఐలాండ్ ముందు పిల్లల పత్రికలో సీరియల్‌గా వచ్చి 1883లో పుస్తకమైంది. పుస్తకానికి వ్రాతప్రతినీ పటాన్నీ కాజెల్ కంపెనీకి పంపితే, ప్రూఫులు వచ్చాయి గాని పటం రాలేదు. అడిగితే అసలు అందనే లేదన్నారు. ఎవరికైనా గుండె జారిపోతుంది. పటం చూసి కథ రాయటం ఒక ఎత్తు, రాసిన కథలోనుంచి పటం లాగటం ఇంకో ఎత్తు. పుస్తకమంతా తిరగేసి ఎక్కడెక్కడ ఏ కొండ ప్రస్తావన ఉందో, ఏది ఎటు దిక్కునుందో ఏరి, కంపాసు పట్టుకుని వాటన్నిటికీ సరిపోయేట్టు మళ్ళీ గీశాడు. కథ మొదట్లోనే పటానికి కట్టుబడి రాసినందువల్ల అది సాధ్యమైంది. తోచినట్టు రాసి ఉంటే ఏ కంపాసూ ఆదుకునేది కాదు. ఆ రెండో పటం తయారైంది తండ్రిగారి ఆఫీసులో. ఓడలు, నీళ్ళు చిమ్మే తిమింగలాలు కూడా వేశారు. థామస్‌కు రకరకాల దస్తూరీలు రాసే నేర్పు ఉండేది. దొంగ కెప్టెన్ ఫ్లింట్ సంతకాన్ని ఆయనే స్వయంగా ఫోర్జరీ చేశాడు. వృత్తి వదిలేసి పోయిన కొడుకు దొంగల దీవికి కావలసిన పని ఆ ఇంజనీరు చేతుల మీదుగా జరిగింది. స్టీవెన్సన్‌కు మాత్రం ఆ రెండో పటం తన దీవిలాగా ఎన్నడూ అనిపించలేదట. నాకెందుకో మొదటిదానికన్న ఈ రెండోదే ఎక్కువ విలువైనదనిపిస్తుంది.

1885లో వచ్చిన ప్రిన్స్ ఓటో నవలలో చంద్రుడి విషయంలో పొరపాటు దొర్లింది. ఎవరో ఎత్తి చూపారు. అప్పట్నుంచి పంచాంగం పక్కన లేకుండా రాయలేదు. ఇంటి ప్లానుకూ, దారి దూరానికీ, చంద్రోదయానికీ ముందే లెక్క ఉండాలని తోటి రచయితలకు సలహా కూడా ఇచ్చాడు.

మంత్రం విషయంలోనూ అంతే. 1886 నాటి జెకిల్, హైడ్ కథలో మనిషిని మార్చే మందు ఉంది. అది ఎందుకు విఫలమవుతుందో కెమిస్ట్రీ విద్యార్థులు గమనించాలి. మొదట కొన్న లవణంలో ఏదో తెలియని మలినం ఉంది, పనిచేసింది ఆ మలినమే. సరుకు అయిపోయాక కొత్తది ఎంత తెప్పించినా లాభం లేకపోయింది. ఇంతకన్న గట్టిది సీసా భూతం కథ. దాన్ని సమోవా దీవుల్లో ఉండగా 1891లో ప్రచురించాడు. సీసాలోని భూతం ఏది అడిగినా ఇస్తుంది, ఆయుష్షు తప్ప. సీసా దగ్గరుండగా చస్తే నరకం. వదిలించుకోవాలంటే కొన్నదానికన్న తక్కువకు, నాణేలకే అమ్మాలి. ధర తగ్గుతూ తగ్గుతూ హవాయి యువకుడు కెయావె చేతికి ఒక్క సెంటుకు వస్తుంది. ఇంక అమ్మేదెలా? భార్య కోకువాకు ఉపాయం తడుతుంది. ఫ్రెంచివాళ్ళ సెంటీమ్ అంతకన్న చిన్న నాణెం, తాహితీలో చెల్లుతుంది. భార్యాభర్తలు అక్కడికి ఓడెక్కుతారు. కథ మలుపు తిరిగింది మంత్రంతో కాదు, మారకపు రేటుతో. మా ఆటలో మాంత్రికుడికి రోజుకిన్ని మంత్రాలని లెక్క ఉంది, వాడగానే మరిచిపోతాడు. జాక్ వాన్స్ కథల నుంచి తీసుకున్న పద్ధతి అది. మంచిదే. కాని రోజుకు మూడు అనే హద్దు రేపటికి తీరిపోతుంది. సీసా హద్దు చేతులు మారిన కొద్దీ బిగుస్తుంది. ఇటువంటి హద్దు ఒక్కటి దొరికితే నెలరోజుల ఆట నడుస్తుంది.

తండ్రి 1887లో పోయాడు. ఆ తర్వాత కుటుంబంతో పసిఫిక్ దీవులన్నీ తిరిగి, సమోవాలో వైలిమా అనే చోట 300 ఎకరాలకు పైగా అడవి కొన్నాడు. కలుపు తీశాడు, కోకో మొక్కలు నాటించాడు. వ్యవసాయం మీద ఆయనకు లాభం వచ్చిన దాఖలా లేదు గాని, సరదా మాత్రం దండిగా ఉంది. అక్కడి జనం ఆయన్ను టుసిటాలా, అంటే కథల రచయిత అనేవారు. సీసా భూతం కథ సమోవా భాషలో కూడా అచ్చయింది. ఇంత పెద్ద ఇల్లు ఎట్లా కట్టావో మాకు తెలుసులే అన్నట్టు, ఇంటికొచ్చిన వాళ్ళు కొందరు ఆ సీసా ఎక్కడ దాచావని అడిగేవారట.

1894 డిసెంబరు 3 సాయంత్రం భార్యతో మాట్లాడుతూ ఉండగానే మెదడులో రక్తనాళం చిట్లి కుప్పకూలాడు. ఆ రాత్రే కన్నుమూశాడు. వయసు 44. ఇంటి వెనకనున్న వయేయా కొండ మీద తనను పూడ్చాలన్నది ఆయన కోరిక. కొండ పైకి దారి లేదు, అంతా దట్టమైన అడవి. సమోవా వాళ్ళు కత్తులు, గొడ్డళ్ళు పట్టుకుని వచ్చి చెట్లు నరికి కొండకొన దాకా బాట తీశారు. మరునాడు మధ్యాహ్నం ఆయన్ను భుజాల మీద పైకి మోసుకుపోయారు.