గెలుపు గుర్రం కాని షిర్లీ చిజమ్

ఎన్నికల మీద పందేలు కాయడం మన గోదావరి జిల్లాలకే పరిమితం కాదు. అమెరికాలోనూ అది పాత అలవాటే. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు న్యూయార్క్‌లోని వాల్‌స్ట్రీట్‌లో అధ్యక్ష ఎన్నికల పందేలు బహిరంగంగా నడిచేవి. ఆ రేట్లను పత్రికలు అచ్చువేసేవి. 1988లో అయోవా విశ్వవిద్యాలయం ఆ ఆటను కంప్యూటర్‌లోకి తెచ్చింది. ఇప్పుడు వీటిని ప్రిడిక్షన్ మార్కెట్లు అంటున్నారు. లెక్క తేలికే. ఒక మహిళకు పార్టీ అధ్యక్ష అభ్యర్థిత్వం దక్కితే చేతికి ఒక డాలర్ వస్తుంది. ఆ పందేన్ని 30 సెంట్లకు కొంటున్నారంటే, ఆమెకు నూటికి 30 పాళ్లు అవకాశం ఉందని డబ్బు పెట్టినవాళ్లు నమ్ముతున్నట్టు.

ఈ నమ్మకం తప్పిన సందర్భాలూ ఉన్నాయి. 2008 జనవరిలో న్యూహాంప్‌షైర్ ప్రైమరీలో హిల్లరీ క్లింటన్ ఓడిపోతుందని మార్కెట్లు దాదాపు తేల్చేశాయి. ఆ రాత్రి ఆమే గెలిచింది. ఆ ఏడాది నామినేషన్ మాత్రం చేజారింది. 2016లో ఆమెకు, 2024లో కమలా హారిస్‌కు డెమొక్రటిక్ పార్టీ అభ్యర్థిత్వం దక్కింది. ఆడవాళ్ల పేర్ల మీద పందెం కాయడం ఇవాళ వింత కాదు.

అయితే పందెం రేటుకు మూలమైన ప్రశ్న మనకు బాగా తెలిసినదే. ఈమె గెలుస్తుందా? మన దగ్గర దాన్నే గెలుపు గుర్రం అంటారు. జనరల్ సీటు అడిగిన దళిత కార్యకర్తకు పార్టీ ఆఫీసులో మొదట వినబడే మాట అదే. అందుకే గెలుపు గుర్రం కాదని ఇంటా బయటా అనిపించుకుని కూడా బరిలోకి దిగిన ఒక నల్లజాతి మహిళ జీవితాన్ని ఇక్కడ గుర్తుచేసుకుంటున్నాం.

షిర్లీ 1924 నవంబర్ 30న న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో పుట్టింది. తండ్రి బ్రిటిష్ గయానా నుంచి వలస వచ్చిన కార్మికుడు. గోనెసంచుల ఫ్యాక్టరీలోనూ బేకరీలోనూ పనిచేశాడు. తల్లిది బార్బడోస్. కుట్టుపని, ఇళ్లలో పాచిపని చేసేది. పిల్లల్ని సాకుతూ ఇద్దరూ కూలికి వెళ్లడం కుదరక, షిర్లీని, చెల్లెళ్లను బార్బడోస్‌లోని అమ్మమ్మ దగ్గరకు పంపించారు. 1934లో తిరిగి వచ్చేదాకా ఆ పల్లెలోనే చదివింది. తన చదువుకు గట్టి పునాది ఆ ఊరి బడిలోనే పడిందని తర్వాత ఎన్నోసార్లు చెప్పుకుంది.

1946లో బ్రూక్లిన్ కాలేజీలో డిగ్రీ పూర్తిచేసింది. డిబేట్లలో బహుమతులు గెలిచిన విద్యార్థిని. చిన్నపిల్లల బడుల్లో టీచరుగా, ఆ తర్వాత శిశు సంరక్షణ కేంద్రం డైరెక్టరుగా పనిచేసింది. పిల్లల్ని ఎక్కడో అప్పగించి పనికి పరుగెత్తే తల్లులను రోజూ చూసింది. తన తల్లి కథ ఆమెకు మళ్లీ మళ్లీ ఎదురైంది. అదే కాలంలో స్థానిక డెమొక్రటిక్ క్లబ్బుల్లో తిరిగేది. అక్కడ ఆడవాళ్లు నిధులు పోగుచేసేవాళ్లు, మగవాళ్లు టికెట్లు తీసుకునేవాళ్లు. 1964లో ఆమె తానే టికెట్ అడిగి న్యూయార్క్ రాష్ట్ర శాసనసభకు గెలిచింది. ఇళ్లలో పనిచేసేవాళ్లకు నిరుద్యోగ భృతి, పేద విద్యార్థులు కాలేజీలో చేరేందుకు సాయం అందించే పథకం అక్కడ ఆమె సాధించినవి.

1968లో బెడ్‌ఫర్డ్-స్టైవెసెంట్ ప్రాంతం నుంచి కాంగ్రెస్‌కు పోటీచేసింది. ప్రత్యర్థి జేమ్స్ ఫార్మర్ పౌరహక్కుల ఉద్యమంలో పెద్ద పేరు. వాషింగ్టన్‌లో నల్లవాళ్ల తరఫున మాట్లాడటానికి మగవాడి గొంతు కావాలన్నది అతని ప్రచారం. ఆ నియోజకవర్గంలో ఓటర్లలో ఆడవాళ్లే ఎక్కువని షిర్లీకి తెలుసు. వాళ్ల దగ్గరకు ఇంటింటికీ వెళ్లింది. పోర్టోరికో నుంచి వచ్చినవాళ్లతో స్పానిష్‌లో మాట్లాడింది. తనను ఎవరూ కొనలేరని, తన మీద ఏ బాసూ లేడని చెప్పడమే ఆమె ఎన్నికల నినాదం. గెలిచి, అమెరికన్ కాంగ్రెస్‌లో అడుగుపెట్టిన మొదటి నల్లజాతి మహిళ అయింది.

నగర మురికివాడల ప్రతినిధిని తీసుకెళ్లి వ్యవసాయ కమిటీలో వేశారు. కొత్త సభ్యులు నోరెత్తకూడదన్న ఆనవాయితీని పక్కనపెట్టి ఆమె సభలోనే అభ్యంతరం చెప్పింది. వేరే కమిటీకి మార్చక తప్పలేదు. 1971లో నల్లజాతి సభ్యుల కాకస్‌కు, మహిళల రాజకీయ కాకస్‌కు కూడా వ్యవస్థాపకుల్లో ఒకరైంది.

1972 జనవరి 25న బ్రూక్లిన్‌లోని ఒక బాప్టిస్టు చర్చిలో ఆమె డెమొక్రటిక్ పార్టీ అధ్యక్ష నామినేషన్‌కు పోటీ ప్రకటించింది. పెద్ద పార్టీలో ఆ పని చేసిన మొదటి నల్లజాతి వ్యక్తి ఆమె. అక్కడి నుంచి మొదలైంది అసలు పరీక్ష.

నల్లజాతి మగ నాయకుల్లో చాలామంది ఆమె తమను అడగకుండా దిగిందని అలిగారు. మార్చిలో ఇండియానా రాష్ట్రంలోని గ్యారీలో జరిగిన నల్లజాతి రాజకీయ మహాసభ ఆమెను బలపరచలేదు. మహిళా ఉద్యమ నాయకురాళ్లలో కొందరు నోటితో మెచ్చుకున్నారు, మనసు మాత్రం జార్జ్ మెక్‌గవర్న్ వైపు ఉంచారు. అందరిదీ ఒకటే వాదన. ఆమె గెలవదు, గెలిచేవాడికి వేద్దాం. నలుపు కన్నా ఆడపుట్టుకే తనకు పెద్ద అడ్డంకి అయిందని ఆమె ఆ తర్వాత చాలాసార్లు చెప్పింది. ఆ మాట దళిత మహిళలకు విడమర్చి చెప్పనక్కర్లేదు.

వెంట నిలిచినవాళ్లూ ఉన్నారు. బ్లాక్ పాంథర్ పార్టీ మద్దతు ప్రకటించింది. ఓట్లు పోతాయని సొంత మనుషులే భయపడినా ఆమె దాన్ని కాదనలేదు. ఆ పాంథర్ల పేరే తీసుకుని అదే ఏడాది ముంబయిలో దళిత్ పాంథర్స్ పుట్టింది. కాలిఫోర్నియాలో ఓటు కూడా నమోదు చేసుకోని బార్బరా లీ అనే విద్యార్థిని ఆమె ప్రచారంలో చేరింది. ఆ విద్యార్థినే తర్వాత కాంగ్రెస్ సభ్యురాలైంది.

ప్రచారానికి మొత్తం ఖర్చు దాదాపు 3 లక్షల డాలర్లే. టీవీ చర్చలకు పిలవకపోతే కోర్టుకు వెళ్లి సమయం సాధించింది. మే నెలలో ప్రత్యర్థి జార్జ్ వాలెస్ మీద కాల్పులు జరిగాయి. జాతి వేర్పాటును నెత్తిన పెట్టుకున్న నాయకుడతను. అతన్ని ఆసుపత్రికి వెళ్లి పలకరించింది. సొంతవాళ్లు మండిపడ్డారు. రెండేళ్ల తర్వాత ఇళ్లలో పనిచేసేవాళ్లకు కనీస వేతనం కోసం ఆమె పోరాడినప్పుడు, దక్షిణాది సభ్యుల ఓట్లు రాబట్టడానికి అదే వాలెస్ సాయపడ్డాడు. పాచిపని చేసిన తల్లి కూతురికి అది చిన్న విజయం కాదు.

జులైలో మయామి బీచ్ మహాసభలో ఆమెకు 152 ఓట్లు వచ్చాయి. అందులో హ్యూబర్ట్ హంఫ్రీ వదిలిపెట్టిన నల్లజాతి డెలిగేట్లవీ ఉన్నాయి. అంతకుముందు తోడున్న మిత్రుడు రాన్ డెలమ్స్ చివరి క్షణంలో మెక్‌గవర్న్ వైపు వెళ్లాడు. నామినేషన్ మెక్‌గవర్న్‌దే అయింది. మరి అందరూ కలిసి ఎంచుకున్న ఆ గెలుపు గుర్రం ఏమైంది? నవంబర్‌లో 50 రాష్ట్రాల్లో 49 పోగొట్టుకుంది.

దీన్నిబట్టి షిర్లీ నిలబడితే నిక్సన్ ఓడేవాడని మేం అనడం లేదు. గెలుపు లెక్క అడ్డుపెట్టి ఆమెను పక్కకు నెట్టినవాళ్లకు ఆ గెలుపూ దక్కలేదని మాత్రం అంటున్నాం. పందెం రేటు రేపటి నిజాన్ని చెప్పదు. ఇవాళ డబ్బున్నవాళ్లు ఎవరిని ఊహించుకోగలరో అంతే చెబుతుంది. ఊహకే అందని మనిషికి రేటు ఉండదు. అలాంటి మనిషి ఒకసారి నిలబడి ఓడితే, తర్వాత వచ్చేవాళ్ల పేరు ఊహకు అందుతుంది. 2019లో కమలా హారిస్ తన పోటీని ప్రకటించినప్పుడు షిర్లీని గుర్తుచేసే రంగులనే ఎంచుకుంది.

షిర్లీ 1983లో కాంగ్రెస్ వదిలి, మౌంట్ హోలియోక్ కాలేజీలో పాఠాలు చెప్పింది. 2005 జనవరి 1న ఫ్లోరిడాలో కన్నుమూసింది. 2015లో ఒబామా ప్రభుత్వం అత్యున్నత పౌర పురస్కారం ఇచ్చింది. బఫెలోలోని ఆమె సమాధి మీద అధ్యక్ష ఎన్నికల ముచ్చట లేదు. తనను ఎవరూ కొనలేదని, తన మీద బాసు లేడని చెప్పిన ఆ పాత నినాదమే చెక్కి ఉంది. ఈసారి టికెట్ల వేళ గెలుపు గుర్రం మాట వినబడినప్పుడు మన కార్యకర్తలు, విద్యార్థులు ఆ రాతిని గుర్తుచేసుకోవాలని మా కోరిక.