కళ్లు పోయాక చెప్పిన వర్గమూలాల పాఠం

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంఘం వాళ్లు అడిగారు. బడి జ్ఞాపకాలు రాసేవాళ్లు మీలో చాలామంది ఉంటారు. లెక్కల మాస్టారిని కాబట్టి నేను ఆయిలర్ గురించి రాస్తున్నాను. తరగతిలో ఆయన సూత్రాలు చెప్పడానికే పీరియడ్ సరిపోయేది, మనిషి గురించి చెప్పే తీరిక ఎక్కడిది?

లియోన్‌హార్డ్ ఆయిలర్ 1707 ఏప్రిల్ 15న స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో పుట్టాడు. తండ్రి చర్చిలో పాస్టరు. కొడుకూ ఆ దారే పట్టాలని ఆయన కోరిక. కుర్రవాడేమో శనివారం మధ్యాహ్నాలు యోహాన్ బెర్నూలీ దగ్గరికి వెళ్లి, వారమంతా తనకు కొరుకుడుపడని లెక్కలు అడిగి తెలుసుకునేవాడు. చివరికి ఆ గురువే తండ్రికి నచ్చజెప్పాడు. 1727లో సెయింట్ పీటర్స్‌బర్గ్ అకాడమీలో చేరాడు. 1738 నాటికి కుడికంటి చూపు పోయింది. 1741 నుంచి పాతికేళ్లు బెర్లిన్‌లో ఉండి, 1766లో మళ్లీ రష్యా చేరాడు. అప్పుడే ఎడమకంటికి శుక్లం పట్టింది.

నాకు ఆయనలో అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇక్కడే ఉంది. చూపు ఆనని స్థితిలో ఆయన బీజగణితం మీద ఒక పుస్తకం చెప్పి రాయించాడు. రాసినవాడు పండితుడు కాడు, దర్జీ పని నేర్చిన మామూలు కుర్రవాడు. రాస్తూ రాస్తూ ఆ అబ్బాయి బీజగణితం తనంతట తాను చేయగలిగేంత నేర్చుకున్నాడట. పుస్తకం జర్మన్‌లో 1770లో వచ్చింది. మాస్టార్లకు ఇంతకన్నా గట్టి పరీక్ష ఉంటుందా?

ఆ పుస్తకంలోనే √−1ని √−4తో గుణిస్తే √4, అంటే 2 వస్తుందని ఉంది. మన పుస్తకం ప్రకారం i × 2i, అంటే −2 రావాలి. చూపులేనివాడు కదా, పొరబడ్డాడని చాలాకాలం అనుకున్నారు. నేను ఒప్పుకోను. ప్రతి సంఖ్యకూ రెండు వర్గమూలాలుంటాయని ఆ పుస్తకమే చెబుతోంది. −1కి i, −i. −4కి 2i, −2i. వీటిలో ఏ జతను గుణిస్తారన్నదాన్ని బట్టి 2 రావచ్చు, −2 రావచ్చు. √4కీ విలువలు ఆ రెండే.

√9 అంటే 3 మాత్రమే ఎందుకు, −3 ఏం పాపం చేసిందని మీరు నన్ను అడిగేవారు. వాస్తవ సంఖ్యల్లో ధన మూలాన్నే ఆ గుర్తుకు కేటాయించుకున్నాం. అది మనం చేసుకున్న ఒప్పందం. ఆ ఒప్పందం ఉన్నచోటే √a × √b = √ab నిశ్చింతగా నడుస్తుంది. సంకీర్ణ సంఖ్యల్లో ధన, రుణ భేదమే లేదు. 3+4i వర్గమూలాలు 2+i, −2−i (వర్గం చేసి చూసుకోండి). వీటిలో పెద్దది ఏది? పోనీ ఒకదాన్ని ఎంచుకుందామా? 4 దగ్గర మొదలై సున్నా చుట్టూ ఒక వృత్తంలో నడవండి. సంఖ్య ఎంత కోణం తిరిగితే దాని మూలం అందులో సగం తిరుగుతుంది. మీరు చుట్టు పూర్తిచేసి 4కే వచ్చేసరికి, 2తో బయలుదేరిన మూలం −2 దగ్గర ఉంటుంది! అందుకే ఎక్కడో ఒకచోట తెంపక తప్పదు. ఇలా బొమ్మ గీసి చూపిన వెస్సెల్ (1799), అర్గాండ్ (1806) ఆయిలర్ తర్వాతివాళ్లు.

1771లో ఆయన ఇల్లు కాలిపోయింది. ఆ ఏడే కంటికి ఆపరేషన్ జరిగి కొన్నాళ్లు చూపు వచ్చింది, మళ్లీ పోయింది. పని మాత్రం ఆగలేదు. 1783 సెప్టెంబరు 18న, అప్పటికి రెండేళ్ల క్రితమే కనుగొన్న యురేనస్ కక్ష్య గురించి మాట్లాడిన రోజునే కన్నుమూశాడు. √−1కి i అనే అక్షరాన్ని ఆయన 1777లో వాడిన వ్యాసం, ఆయన పోయిన 11 ఏళ్లకు, 1794లో అచ్చయింది.