లోతు నెఱిగిన హాల్డేన్

విజయనగరము చెంతనున్న రామతీర్థపు కోనేటిలో మునిగిన బాలుడు ఎంతసేపు నిలువగలడు? ఒక నిమిషము, గట్టివాడైనచో రెండు. ఆపైన నిలువవలెనన్న గాలిని వెంట గొనిపోవలెను. కాని లోతున ఆ గాలియే మనుష్యునకు శత్రువగును. ఆ సంగతిని తన దేహముననే పరీక్షించి చూచుకొన్నవాడు జె.బి.ఎస్. హాల్డేన్.

ఆయన 1892లో ఆక్స్‌ఫర్డులో జన్మించెను. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ శ్వాసక్రియను శోధించిన శాస్త్రజ్ఞుడు. లోతునుండి వచ్చు గజఈతగాండ్రు మార్గమధ్యమున ఆగి ఆగి పైకి రావలెనని, లేనిచో రక్తమున కరిగిన నత్రజని బుడగలై ప్రాణము తీయునని 1908లో పట్టికలు ప్రకటించెను. సోడాసీసా మూత తీయగానే వచ్చు పొంగును చూచినవారికి ఇది సులభముగా బోధపడును. 1906లో స్కాట్లండు తీరమున ఆ ప్రయోగములు జరుగుచుండగా పదుమూడేండ్ల కుమారుడును సముద్రములో దిగెను. తొడుగు పెద్దవారిది, సందులనుండి నీరు లోనికి చొచ్చినది. నేటి తల్లిదండ్రులు ఇందుకు ఒప్పుకొందురా యనునది వేరుమాట.

మొదటి ప్రపంచయుద్ధమున బ్లాక్‌వాచ్ పటాలములో అధికారియై ఫ్రాన్సులోను, మెసపొటేమియాలోను గాయపడెను. కోలుకొనుటకై ఆయనను భారతదేశమునకు పంపిరి. ఈ దేశముపై అభిమానము అప్పుడే అంకురించినది. అయితే పాలకజాతివాడుగా గాక సమానుడుగా తిరిగి రాదలచెను. అందుకు నలువదేండ్లు పట్టినది.

1939 జూన్‌లో థెటిస్ అను జలాంతర్గామి లివర్‌పూల్ అఖాతమున మునిగి 99 మంది మరణించిరి. వారేల బయటపడలేకపోయిరో తెలిసికొనుటకు హాల్డేన్ ఉక్కుగదిలో కూర్చుండి బొగ్గుపులుసు వాయువును పీల్చి చూచెను. తరువాత యుద్ధకాలమున నౌకాదళపు ఈతగాండ్ర కొఱకు అధిక పీడనమున ప్రాణవాయువును పీల్చెను. సముద్రమున ప్రతి 33 అడుగులకు ఒక వాయుమండలపు ఒత్తిడి పెరుగును. ఆ ఒత్తిడిలో శుద్ధ ప్రాణవాయువే విషమై మూర్ఛ తెప్పించును. అట్టి మూర్ఛలో ఆయన వెన్నుపూసలు నలిగినవి. కర్ణభేరియు చిల్లుపడినది, చుట్టపొగను చెవిగుండ వదలవచ్చునని ఆయన పరిహాసము. వెన్నునొప్పి మాత్రము పరిహాసము కాదు, ఏండ్ల తరబడి వెంటాడినది. నేడు సిలిండరు వీపున గట్టుకొని స్క్యూబా ఈతకు దిగువారు ఏ వాయువుతో ఎంత లోతు పోవచ్చునో నిర్ణయించు నియమముల వెనుక ఇట్టి ప్రయోగములున్నవి.

1957లో కలకత్తాకు, 1962లో భువనేశ్వరమునకు వచ్చెను, భారత పౌరుడయ్యెను. ఆయన శిష్యులలో పిఠాపురమువాడైన ద్రోణంరాజు కృష్ణ ఒకడు. 1964 డిసెంబరు 1న కాన్సరువలన మరణించెను. తన దేహమును వైద్యవిద్యార్థుల కీయవలెనని ముందే వ్రాసియుంచెను. ఆ ప్రకారము, నలిగిన వెన్నుపూసలతో సహా, ఆ దేహమును కాకినాడ రంగరాయ వైద్యకళాశాలకు అప్పగించిరి.