యంత్రశిల్పి జి.డి. నాయుడు

పాలంపేటలోని రామప్ప దేవాలయాన్ని దర్శించిన వారెవరైనా దాని శిఖరాన్ని గురించి విని ఆశ్చర్యపడక మానరు. క్రీ.శ. 1213 నాటి ఆ ఆలయ శిఖరాన్ని నీటిపై తేలేంత తేలికైన ఇటుకలతో నిర్మించారు. అడుగున ఇసుక నింపిన పునాది, పైన బరువు తక్కువ ఇటుక. మోసేదానికీ మోయబడేదానికీ మధ్య ఉండవలసిన పొందికను ఎరిగినవాడే నిజమైన శిల్పి. ఇరవయ్యో శతాబ్దంలో ఆ పొందికనే ఇనుములోను, రబ్బరులోను, విద్యుత్తులోను అన్వేషించిన తెలుగు కుటుంబీకుడు ఒకరున్నారు. ఆయనే కోయంబత్తూరు వాస్తవ్యుడు జి.డి. నాయుడు.

విజయనగర సామ్రాజ్య కాలం నుండి అనేక తెలుగు కుటుంబాలు తమిళ దేశానికి తరలి వెళ్లి, అక్కడి నల్లరేగడి భూములను సాగు చేసుకుంటూ స్థిరపడ్డాయి. అటువంటి వ్యవసాయ కుటుంబంలో గోపాలస్వామి దొరస్వామి నాయుడు 1893 మార్చి 23న జన్మించారు. స్వగ్రామం కోయంబత్తూరు సమీపాన ఉన్న కలంగల్. బాల్యంలో ఆయనకు బడి చదువు ఒంటబట్టలేదు. ప్రాథమిక దశలోనే చదువుకు స్వస్తి చెప్పి పొలం పనులలో ప్రవేశించారు. అయితే చదువు మానిన ఆ బాలునిలో తెలుసుకోవాలన్న తృష్ణ మాత్రం చావలేదు.

యౌవనంలో ఒకనాడు ఆయన ఒక ఆంగ్లేయ అధికారి నడుపుతున్న రడ్జ్ మోటారు సైకిలును చూశారు. ఎద్దుగాని గుర్రంగాని లేకుండా దానంతటది పరుగెత్తే ఆ బండి ఆయన మనస్సును ఆకర్షించింది. దానిని ఎలాగైనా సంపాదించాలన్న పట్టుదలతో కోయంబత్తూరు చేరి, ఒక హోటలులో వడ్డన పనికి కుదిరారు. పైసా పైసా కూడబెట్టి చివరకు ఆ బండినే కొన్నారు. కొన్న తరువాత ఆయన చేసిన పని దానిపై ఊరేగడం కాదు. దానిని పూర్తిగా విప్పి, ప్రతి భాగాన్నీ పరిశీలించి, తిరిగి యథాతథంగా బిగించారు. ఆయనకు అదే పాఠశాల, అదే పాఠ్యగ్రంథం. గురువు ఆయన చేతులే.

1920లో నాయుడు ఒక బస్సును సంపాదించి, పొల్లాచి, పళని పట్టణాల మధ్య తానే నడపసాగారు. ఆనాటి దారులు నేటి తారు రోడ్లు కావు. కంకర, గుంతలు, దుమ్ము. అటువంటి దారులలో బస్సు యజమాని మోయవలసిన ఖర్చులలో టైరు ముఖ్యమైనది. గాలి తక్కువైతే టైరు పక్కలు వేడెక్కి చీలుతాయి. ఎక్కువైతే నడిమి భాగమే త్వరగా అరుగుతుంది. శక్తికి మించిన బరువు వేస్తే ఎంతటి టైరైనా నడిదారిలో పగులుతుంది. లాభనష్టాలు ఇటువంటి చిన్న విషయాలపైననే ఆధారపడి ఉండే ఆ వ్యాపారంలో నాయుడు రాణించారు. ఆయన స్థాపించిన యూనివర్సల్ మోటార్ సర్వీస్, అనగా యు.ఎం.ఎస్., దేశంలోని సమర్థమైన బస్సు రవాణా సంస్థలలో ఒకటిగా పేరొందింది.

బస్సులు తెచ్చిన ధనాన్ని ఆయన భోగాలకు వినియోగించలేదు. యంత్రాలను తయారుచేసే దేశాలను స్వయంగా చూడదలచి ఐరోపా ఖండానికి వెళ్లారు. కర్మాగారాలను సందర్శించారు. 1936లో లండనులో జరిగిన ఐదవ జార్జి చక్రవర్తి అంత్యయాత్రను తన కెమెరాతో చిత్రీకరించారు. ఎండు బ్యాటరీలతో పనిచేసే చిన్న మోటారును అమర్చి 'రసంత్' అనే క్షౌరయంత్రాన్ని రూపొందించారు. పలుచని బ్లేడు, పండ్లరసం తీసే యంత్రం, కిరోసిన్‌తో తిరిగే పంకా, మోసానికి తావివ్వని ఓటు నమోదు యంత్రం మొదలైనవి ఆయన ఆలోచనలోనుండి వెలువడ్డాయి. 1937లో డి. బాలసుందరం నాయుడుతో కలిసి పీలమేడులోని తన కర్మాగారంలో విద్యుత్తు మోటారును తయారుచేయించారు. ఇది మన దేశంలో తయారైన తొలి విద్యుత్తు మోటారుగా ప్రసిద్ధి పొందింది. 1941లో ఐదు వాల్వుల రేడియోను డెబ్బై రూపాయలకే అందించగలనని ప్రకటించారు. సామాన్యునికి అందని యంత్రం ఎంత గొప్పదైనా అసంపూర్ణమేనన్నది ఆయన దృష్టి.

1945లో ఆయన చొరవతో, విరాళంతో కోయంబత్తూరులో ఆర్థర్ హోప్ పేరిట సాంకేతిక కళాశాల వెలిసింది. అదే నేటి ప్రభుత్వ సాంకేతిక కళాశాల. బడి చదువు పూర్తి చేయని వ్యక్తి ఇంజనీరింగు కళాశాలకు అధిపతి కావడం అపూర్వమైన విషయం. అయితే నాలుగేళ్ల చదువులో కాలం వృథా అవుతున్నదని, రెండేళ్లు చాలునని ఆయన వాదించారు. ప్రభుత్వం అంగీకరించకపోవడంతో ఆ బాధ్యతనుండి తప్పుకున్నారు. కర్మాగారమే కళాశాల అయిన తన అనుభవాన్ని ఆయన అందరికీ కొలబద్దగా భావించారేమో! శాస్త్రసిద్ధాంతం పునాదిగా ఎదగవలసిన విద్యార్థికి ఆ కొలత సరిపోతుందా అన్నది ఆలోచించదగిన ప్రశ్న.

నాయుడు ప్రయత్నాలలో మిక్కిలి సాహసోపేతమైనది 1952 నాటి చిన్న కారు. ఇద్దరు కూర్చోదగిన పెట్రోలు కారును రూపొందించి, రెండు వేల రూపాయలకే దానిని అందించవచ్చునని నిరూపించదలిచారు. నాడు దేశంలో హిందుస్థాన్ మోటార్స్, ప్రీమియర్ ఆటోమొబైల్స్ వంటి కొద్ది సంస్థలే కార్ల నిర్మాణంలో ఉన్నాయి. అవి కూడా విదేశీ నమూనాల ఆధారంగానే పనిచేసేవి.

సొంతంగా కారును నిర్మించడంలోని కష్టం తెలియాలంటే ఒక్క టైరు సంగతి పరిశీలిస్తే చాలు. చూపులకు టైర్లన్నీ నల్లని చక్రాలే. నిర్మాత మాత్రం ముందుగా బండి బరువును, ఎక్కేవారి బరువును, సామాను బరువును కలిపి, ఏ ఇరుసుపై ఎంత భారం పడుతుందో తూచాలి. దానిని రెండు చక్రాలకు పంచి, అంతకంటె కొంత హెచ్చుగా మోయగల టైరును ఎంచాలి. ఆపై చుట్టుకొలతను లెక్కించాలి. టైరు పెద్దదైతే చక్రం ఒక్కసారి తిరిగినప్పుడు బండి ఎక్కువ దూరం పోతుంది. కాని నేలను నెట్టే బలం ఆ మేరకు తగ్గి, చిన్న ఇంజను ఎత్తు ఎక్కలేక మొరాయిస్తుంది. మరీ చిన్నదైతే ఇంజను అధికంగా తిరగవలసి వస్తుంది, చక్రం గుంతలలో దిగబడుతుంది. వెడల్పు పెంచితే పొడి నేలపై పట్టు కొంత పెరుగుతుంది గాని, స్టీరింగు బరువెక్కుతుంది, మలుపులో టైరు మడ్‌గార్డుకు రాసుకునే ప్రమాదం ఏర్పడుతుంది.

ఈ లెక్కను మనకు తెలిసిన ఉదాహరణతో చూద్దాం. లక్ష రూపాయల కారుగా 2009లో వచ్చిన టాటా నానోకు ముందు చక్రాలపై 135/70 ఆర్ 12, వెనుక చక్రాలపై 155/65 ఆర్ 12 అనే కొలతల టైర్లు వేశారు. ఇంజను వెనుక ఉన్నందున భారం అటు ఎక్కువ. అందుకే వెనుక టైరు వెడల్పైనది. 155 అనగా మిల్లీమీటర్లలో వెడల్పు. 65 అనగా టైరు పక్క ఎత్తు ఆ వెడల్పులో నూటికి 65 వంతులు. 12 అనగా అంగుళాలలో చక్రపు రిమ్ము వ్యాసం. దీనిని బట్టి ఆ టైరు మొత్తం వ్యాసం సుమారు 506 మిల్లీమీటర్లు, చుట్టుకొలత సుమారు 159 సెంటీమీటర్లు. ఒక కిలోమీటరు ప్రయాణానికి ఆ చక్రం దాదాపు 629 సార్లు తిరగాలి. దాని స్థానంలో వ్యాసం పదోవంతు పెరిగిన టైరు తొడిగితే 572 సార్లు తిరిగితే చాలు. వేగసూచిక మాత్రం పాత లెక్కే చెబుతూ, అసలు వేగం కంటె తక్కువ చూపుతుంది. ఒక్క టైరులో ఇంత విచారణ ఉంటే, ఇంజను, గేర్లు, బ్రేకులు అన్నింటినీ పొందించి, రెండు వేలకు ఇవ్వదలచిన వాని సాహసం ఎంతటిదో ఊహించవచ్చు.

కాని ఆ కారు ప్రజలకు చేరలేదు. 1951 నాటి పరిశ్రమల అభివృద్ధి, నియంత్రణ చట్టం 1952 మే నెలలో అమలులోకి వచ్చింది. దాని పరిధిలోని పరిశ్రమలను స్థాపించడానికి ప్రభుత్వ అనుమతి తప్పనిసరి అయింది. నాయుడు కారు నిర్మాణానికి అనుమతి లభించలేదు. కొత్తగా స్వాతంత్ర్యం పొందిన దేశానికి ఉక్కు, విదేశీ ద్రవ్యం అరుదైన వనరులు. వాటిని ఆచితూచి పంచవలసిన బాధ్యత పాలకులకు ఉన్నది. ఆ మాట కాదనలేము. కాని పంచే చేతికి ప్రతిభను గుర్తించే కన్ను కూడా ఉండాలి. అది లోపించినప్పుడు కలిగే నష్టం ఏ లెక్కల పుస్తకంలోనూ కనబడదు. సామాన్యుని కారు అనే భావన మన దేశంలో విస్తృతంగా ఫలించడానికి 1983లో మారుతి వచ్చేవరకు, అనగా మరి మూడు దశాబ్దాలు ఆగవలసి వచ్చింది.

ఆశాభంగం ఆయనను నిష్క్రియునిగా చేయలేదు. పత్తి, మొక్కజొన్న, బొప్పాయి పంటలపై ప్రయోగాలు చేశారు. 1967లో యంత్రాల శాశ్వత ప్రదర్శనశాలను నెలకొల్పారు. 1974 జనవరి 4న తుదిశ్వాస విడిచారు. 2015లో కోయంబత్తూరులో ఆయన పేరిట కార్ల ప్రదర్శనశాల కూడా ఏర్పడింది.

విద్యార్థులారా! మన వరంగల్లులో 1959లో శంకుస్థాపన జరిగిన ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాల నేడు జాతీయ సాంకేతిక సంస్థగా విలసిల్లుతున్నది. నాయుడుకు లభించని పాఠశాల, ప్రయోగశాల, గ్రంథాలయం నేడు మీకు అందుబాటులో ఉన్నాయి. ఆయనకు ఉండి, మనం అలవరచుకోవలసినది మాత్రం ఒకటున్నది. చేతికందిన వస్తువును విప్పి చూడాలన్న కుతూహలం, విప్పినదానిని తిరిగి బిగించేవరకు వదలని ఓర్పు. ఇల్లు చేరిన తరువాత మీ సైకిలు టైరు పక్కన ముద్రించిన అంకెలను ఒకసారి చదవండి. అవి ఏమి చెబుతున్నాయో అర్థమైననాడు, ఈ పాఠం మీకు నిజంగా బోధపడినట్లే.