పరుగెత్తే గుర్రాన్ని పట్టుకున్న ఫోటోగ్రాఫర్ – ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్



పెళ్లి బరాత్‌లోనో, జాతరలోనో గుర్రం కనిపిస్తే మనమంతా సెల్‌ఫోన్ బయటకు తీస్తాం. తర్వాత ఫోటో చూసుకుంటే గుర్రం తల బాగానే ఉంటుంది, కాళ్లు మాత్రం మసకగా ఉంటాయి. ఇంత మంచి కెమెరా చేతిలో ఉన్న మనకే ఇది కష్టం. మరి ఫోటో దిగాలంటే మనిషి కొన్ని సెకన్లపాటు కదలకుండా ఉండాల్సిన రోజుల్లో, దౌడు తీసే గుర్రాన్ని స్పష్టంగా ఫోటో తీసిన వ్యక్తి ఒకరున్నారు. ఆయనే ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్.

ఆయన 1830 ఏప్రిల్ 9న ఇంగ్లాండ్‌లో, థేమ్స్ నది ఒడ్డున ఉన్న కింగ్‌స్టన్ పట్టణంలో జన్మించారు. అసలు పేరు ఎడ్వర్డ్ జేమ్స్ మగ్గరిడ్జ్. తండ్రి బొగ్గు, ధాన్యం వ్యాపారి. 1843లో తండ్రి చనిపోయారు. ఇరవై ఏళ్ల వయసులో ఆయన అమెరికా చేరి, తర్వాత శాన్‌ఫ్రాన్సిస్కోలో పుస్తకాల దుకాణం నడిపారు. 1860లో ప్రయాణిస్తున్న గుర్రాల బండి ప్రమాదానికి గురై తలకు తీవ్రమైన గాయమైంది. వైద్యం కోసం ఇంగ్లాండ్ వెళ్లిన ఆ సంవత్సరాల్లోనే ఫోటోగ్రఫీ నేర్చుకున్నారు. పుస్తకాల వ్యాపారిగా వెళ్లిన మనిషి 1867లో ఫోటోగ్రాఫర్‌గా తిరిగి వచ్చారు. యోసెమిటీ లోయ దృశ్యాలతో మంచి పేరు సంపాదించారు.

కాలిఫోర్నియా మాజీ గవర్నర్, రైల్వే అధిపతి లీలండ్ స్టాన్‌ఫర్డ్‌కు పందెపు గుర్రాలంటే ప్రాణం. గుర్రం పరుగెత్తేటప్పుడు నాలుగు కాళ్లూ ఒకేసారి నేలను వదులుతాయా, లేదా అన్నది అప్పట్లో పెద్ద వాదన. మనిషి కన్ను అంత వేగాన్ని పట్టుకోలేదు. చిత్రకారులు మాత్రం ముందు కాళ్లు ముందుకు, వెనుక కాళ్లు వెనక్కు చాచి గాలిలో తేలుతున్నట్టు గుర్రాన్ని గీసేవారు. ఈ సంగతి ఫోటోతో తేల్చమని 1872లో స్టాన్‌ఫర్డ్ మైబ్రిడ్జ్‌ను పిలిపించారు. మొదట వచ్చినవి నీడల్లాంటి మసక బొమ్మలే.

ఇంతలో ఆయన జీవితంలో ఒక చీకటి అధ్యాయం. 1874లో తన భార్య ప్రియుడని తెలిసిన హ్యారీ లార్కిన్స్‌ను కాల్చి చంపారు. 1875లో జ్యూరీ ఆయనను విడిచిపెట్టింది. గొప్ప పని చేశాడు కదా అని ఈ తప్పును దాచి చెప్పడం న్యాయం కాదు. ఆయన పని నుండి నేర్చుకోవచ్చు, ఆయన కోపం నుండి కూడా నేర్చుకోవచ్చు.

1878 జూన్‌లో పాలో ఆల్టోలోని స్టాన్‌ఫర్డ్ గుర్రాల క్షేత్రంలో అసలు ప్రయోగం జరిగింది. పరుగుబాట పక్కన వరుసగా కెమెరాలు పెట్టారు. మొదట 12, తర్వాత 24. దౌడు తీసిన శాలీ గార్డ్‌నర్ అనే గుర్రం కోసం కెమెరాల మధ్య దూరం 27 అంగుళాలు. బాటకు అడ్డంగా దారాలు కట్టారు. గుర్రం దారాన్ని తెంపగానే విద్యుత్ ద్వారా ఆ కెమెరా షట్టర్ తెరుచుకుని మూసుకునేది. ఈ ఏర్పాటులో రైల్వే ఇంజనీరు జాన్ ఐజాక్స్ సహాయం ఉంది. ఎదురుగా తెల్లటి గోడలాంటి తెర, కాంతి పెరగడానికి బాట మీద సున్నపు పొడి. గాజు పలకకు మందు పూసి, తడి ఆరకముందే ఫోటో తీసి కడగాలి. పత్రికల వారి ముందే ఆ పని చేసి చూపారు.

ఫలితం అందరినీ ఆశ్చర్యపరిచింది. నాలుగు కాళ్లూ నేలను వదిలిన మాట నిజమే. కానీ దౌడులో అది కాళ్లు చాచినప్పుడు కాదు, అన్నీ పొట్ట కిందికి ముడుచుకున్నప్పుడు! ఎన్నో ఏళ్లుగా గీస్తున్న బొమ్మలు తప్పని తేలింది. 1879లో ఆయన తయారు చేసిన యంత్రం గుండ్రటి గాజు పలక మీది బొమ్మలను తెర మీద పరుగెత్తించింది. సినిమా పుట్టుకకు అది ఒక మెట్టు.

అయితే 1882లో స్టాన్‌ఫర్డ్ ఈ గుర్రాల మీద ఒక పుస్తకం వేయించారు. ముఖపత్రం మీద మైబ్రిడ్జ్ పేరు లేదు. అది చూసి లండన్ రాయల్ సొసైటీ ఆయన వ్యాసాన్ని ప్రచురించకుండా ఆపింది. ఆయన కోర్టుకు వెళ్లి ఓడిపోయారు. అయినా చతికిలబడలేదు. 1884 నుండి పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో మళ్లీ మొదలుపెట్టి, 1887లో 781 పలకల మహాగ్రంథాన్ని తన పేరుతోనే వెలువరించారు.

ఇక్కడ ఒక విషయం నన్ను ఆలోచింపజేసింది. ఆ గ్రంథంలో ఆనీ జి. అనే గుర్రం దౌడు తీస్తుంది. గుర్రం పేరు ఉంది, దాని మీద కూర్చున్న నల్లజాతి రౌతు పేరు లేదు. తన పేరు కోసం కోర్టుకెక్కిన మనిషే మరొకరి పేరు రాయడం మరిచారు. మా తాత కాలువ పనికి మట్టి మోశాడు. గట్టు మీది శిలాఫలకంలో పెద్దల పేర్లున్నాయి, మోసిన వారిలో ఒక్కరి పేరు కూడా లేదు. మా ఇంట్లో డిగ్రీ కాగితం మీద పడిన మొదటి పేరు నాదే. అందుకే ఆ రౌతు ఫోటోను చాలాసేపు చూశాను.

మైబ్రిడ్జ్ 1904 మే 8న కింగ్‌స్టన్‌లో కన్నుమూశారు. చిత్రమేమంటే, ఆయన స్మారక శిల మీద పేరు మేబ్రిడ్జ్ అని తప్పుగా చెక్కారు.

ఫోటోలు ఇష్టపడే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! గుర్రాన్ని తీయాలంటే ఆయన పద్ధతి ఇప్పటికీ పనికొస్తుంది. మంచి ఎండ వెలుగు చూసుకోండి. వెనుక జనం, తీగలు లేకుండా ఖాళీ గోడో, ఆకాశమో ఉండేలా నిలబడండి. కాళ్లు కనబడేలా పక్క నుండి, తగినంత దూరంలో ఉండి తీయండి. గుర్రం వెనుక వైపు మాత్రం నిలబడకండి. షట్టర్ వేగం పెంచండి. ఒకటి కాదు, వరుసగా పది తీసి ఒకటి ఎంచుకోండి. గుర్రం వచ్చాక వెతుక్కోవడం కాదు, అది వచ్చే చోటు ముందే చూసి సిద్ధంగా ఉండండి. పరీక్షలకు కూడా ఇదే సూత్రం!

చివరగా, ఆ ఫోటో కింద తీసిన వారి పేరుతో పాటు గుర్రాన్ని పట్టుకున్న మనిషి పేరు కూడా అడిగి, తప్పు లేకుండా రాయండి.